మన ఇంట్లో చిలక్కి రాత్రి ఎప్పుడవుతుంది?

(విశాఖపట్నంలో పక్షులు పెంచుకునేవాళ్ళం ఒక ఆదివారం మధ్యాహ్నం కలుసుకున్నప్పుడు మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకున్నవాళ్ళకి వినిపిస్తోందా... ఆ మైకు కొంచెం ఇటు జరుపు బాబూ... ఆ, చాలు.

నన్ను మాట్లాడమన్నది చిలకల నిద్ర గురించి. ఇందాక మెట్ల దగ్గర ఒకావిడ అడిగారు, నిద్ర గురించి అంతసేపు ఏం చెప్తారండి, గుడ్డ కప్పేస్తే పడుకుంటుంది కదా అని. అడగడంలో తప్పేం లేదు, మొదటి రెండేళ్ళు నేనూ అదే అనుకున్నాను. మా ఇంట్లో ఒక కాకటీల్ ఉంది, తల మీద తురాయి ఉండే చిన్న చిలక, ఆడది, పేరు బుజ్జమ్మ, 2012లో చిన్న పిల్లగా వచ్చింది. ఇంకో నాలుగు బడ్జీలు ఉన్నాయి, షాపుల్లో లవ్ బర్డ్స్ అని అమ్ముతారు కదా అవి, నిజానికి లవ్ బర్డ్ అంటే వేరే జాతి, కానీ మన దగ్గర ఆ పేరే నిలబడిపోయింది.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక్క మాట. నేను చెప్పేదంతా కాకటీల్, బడ్జీ, సన్ కనూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి బయటి దేశాల చిలక జాతుల గురించి. మన రామచిలకని పంజరంలో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. మా తాతగారింట్లో ఉండేదండి, పేరు పెట్టి పిలిస్తే పలికేదండి అని చాలామంది చెప్తారు, మా ఇంట్లో కూడా ఉండేది, ఆ మమకారం నాకు తెలుసు. అయినా వద్దు. ఎవరి దగ్గరైనా ఉంటే మాత్రం డాబా మీదకెళ్ళి వదిలేయకండి, రెక్కలు కత్తిరించి చేత్తో మేపిన పిట్టకి బయట తిండి వెతుక్కోవడం రాదు, కాకులో గద్దలో పట్టుకుపోతాయి. అటవీశాఖ వాళ్ళకి చెప్పి అప్పజెప్పండి. గ్రే, కనూర్ లాంటివి ఉన్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించుకోవాలి, అది కూడా మర్చిపోకండి.

సరే. నాకు ఈ నిద్ర సంగతి ఎలా తెలిసిందో చెప్తాను, ఏ డాక్టరూ చెప్పలేదు, పుస్తకాలు తర్వాత చదివాను, ముందు నాకు చెప్పింది హుద్‌హుద్ తుఫాను.

2014లో బుజ్జమ్మకి రెండేళ్ళు. అప్పుడు దాని పంజరం హాల్లో టీవీ పక్కన ఉండేది, అందరం అక్కడే కూర్చుంటాం కాబట్టి దానికి తోడుగా ఉంటుందని అక్కడ పెట్టాం, ప్రేమతోనే పెట్టాం. సాయంత్రం ఆరింటి నుంచి అత్తయ్య సీరియల్స్, ఆ తర్వాత మావారి న్యూస్, పిల్లల చదువులు, తిండి తిప్పలు, పదకొండింటికి లైట్లు ఆపేవాళ్ళం. పొద్దున్న ఐదింటికి మళ్ళీ నేను లేచి హాల్లో లైటు వేసేదాన్ని. అంటే దానికి చీకటి ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో కూడా ఎవరో ఒకరు మంచినీళ్ళకి లేవడం, ఫ్రిజ్ తలుపు తీయడం.

ఆ సంవత్సరం వేసవి నుంచి దానికి ఒకటే పేచీ. సాయంత్రమైతే అరుపులు, మామూలు అరుపులు కాదు, చెవిలో సూది గుచ్చినట్టు ఒకే కూత, ఆపకుండా. చెయ్యి పెడితే కరిచేది. గుండెల దగ్గర ఈకలు పీక్కునేది, చిన్న చిన్న మెత్తటి ఈకలు పంజరం కింద పడి ఉండేవి. అన్నిటికంటే భయపెట్టింది గుడ్లు. మగ పిట్ట లేదు, గూడు లేదు, అయినా పెడుతూనే ఉంది, ఐదు పెట్టి, నెల తిరిగేసరికి మళ్ళీ నాలుగు, మళ్ళీ ఐదు. కాళ్ళు పట్టు తప్పి పుల్ల మీద నిలబడలేకపోయింది ఒక రోజు. డాక్టర్‌కి చూపిస్తే ఒంట్లో కాల్షియం అంతా గుడ్డు పెంకులకే పోతోంది, ఇలాగే పెడితే ఏదో ఒక గుడ్డు లోపల ఇరుక్కుని ప్రాణం మీదకొస్తుంది అన్నారు. కాల్షియం ఇచ్చారు. గుడ్లు ఎందుకు ఆగట్లేదో మాత్రం ఎవరం ఆలోచించలేదు.

అక్టోబర్ 12, ఆదివారం, తుఫాను వచ్చింది. ఇక్కడున్నవాళ్ళందరికీ ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. పంజరాన్ని లోపలి గదిలోకి, బీరువాకీ గోడకీ మధ్య ఉన్న సందులోకి తోసి, మేం అందరం అదే గదిలో కూర్చున్నాం. ఆ రోజు అది మెతుకు ముట్టలేదు. తెల్లారాక చూస్తే ఊళ్ళో చెట్టు లేదు, కరెంటు స్తంభం లేదు. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు రాలేదు. టీవీ లేదు, లైట్లు లేవు. అక్టోబర్ మధ్యలో మనకి ఐదున్నర దాటితే పొద్దు గూకేస్తుంది కదా, ఆరింటికల్లా ఇల్లంతా చీకటి, ఒక కొవ్వొత్తి వంటింట్లో, ఏడున్నరకి మేం కూడా చాపల మీద. పంజరాన్ని మళ్ళీ హాల్లోకి తేవడానికి ఎవరికీ ఓపిక లేక ఆ సందులోనే వదిలేశాం.

నాలుగో రోజో ఐదో రోజో మా అమ్మాయి అంది, అమ్మా, బుజ్జి అరవట్లేదు ఏంటి అని. అప్పుడు గమనించాను. నిజంగానే అరవట్లేదు. పొద్దున్నే తెల్లారే వెలుగుకి లేచి, ఒళ్ళు విరుచుకుని, ఒక రెక్కా ఒక కాలూ కలిపి సాగదీసి, ఈల వేస్తోంది. చెయ్యి పెడితే తల వంచి గోకమని అడుగుతోంది. నాకు మొదట భయమేసింది, తుఫానుకి బెదిరిపోయి నీరసపడిందేమో అని. తిండి చూస్తే బాగా తింటోంది. పీక్కున్న చోట సన్నగా ఈకలు మొలుస్తున్నాయి.

తొమ్మిది రోజుల తర్వాత కరెంటు వచ్చింది, అందరం పండగ చేసుకున్నాం, టీవీ పెట్టాం, పంజరం హాల్లోకి వచ్చింది. రెండు వారాలు తిరక్కుండా ఆ కూత మళ్ళీ మొదలు. ఆ రోజు సాయంత్రం పంజరం ముందు నేల మీద కూర్చుని లెక్క వేశానండి, ఆ తొమ్మిది రోజులు దానికి పన్నెండు గంటల చీకటి ఇచ్చాం, మళ్ళీ ఆరు గంటలు చేశాం. అంతే తేడా. తిండి అదే, నీళ్ళు అవే, మనుషులం మేమే.

ఎందుకలా అవుతుందో మన గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్తే వెంటనే అర్థమవుతుంది. తణుకు, అనపర్తి వైపు లేయర్ కోళ్ళ, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్ళ, ఫారాలు చూసే ఉంటారు, రాత్రిపూట షెడ్లలో లైట్లు వెలుగుతుంటాయి. దొంగల భయానికి కాదు అవి. పగటి వెలుగు, లైటు వెలుగు కలిపి రోజుకి 16 గంటలు ఇస్తే కోడి గుడ్డు ఆపకుండా పెడుతుంది. పగలు పెరిగితే పిల్లల్ని కనే కాలం వచ్చిందని పక్షి ఒంటికి కబురు వెళ్తుంది, హార్మోన్లు లేస్తాయి. ఇప్పుడు మా హాలు చూడండి, పొద్దున్న ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా లైట్లు, 18 గంటలు. లేయర్ ఫారం వాళ్ళు కూడా ఇవ్వనంత వెలుగు నేను ఇచ్చాను. మరి గుడ్లు పెట్టక ఏం చేస్తుంది? అరవక ఏం చేస్తుంది?

ఇంకో సంగతి. పక్షికి వెలుగు కళ్ళతోనే తెలియదు. మెదడు లోపల కూడా వెలుగుని పసిగట్టే కణాలు ఉంటాయి, పుర్రె ఎముక పల్చగా ఉండటం వల్ల వెలుతురు లోపలికి దిగుతుంది. ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా అనే శాస్త్రవేత్త 1930ల్లోనే బాతుల మీద పరిశీలించి ఈ సంగతి చెప్పారు. కాబట్టి లైటు వెలుగుతుండగా తల వీపు మీద ఈకల్లో దూర్చుకుని పడుకుంది కదా, దానికి ఇబ్బంది లేదులే అనుకోకండి. కళ్ళు మూసుకున్నా ఒంటికి పగలే.

ఎన్ని గంటలు అని అడుగుతారు. పది నుంచి పన్నెండు. చాలా చిలకలు భూమధ్యరేఖకి దగ్గర దేశాల నుంచి వచ్చినవి, ఆఫ్రికన్ గ్రే ఉండే అడవుల్లో ఏడాది పొడుగునా పగలు పన్నెండు, రాత్రి పన్నెండు. మన విశాఖలోనే చూసుకోండి, జూన్‌లో పగలు 13 గంటలు కొంచెం దాటుతుంది, డిసెంబర్‌లో 11 దగ్గరికి వస్తుంది, అంతకంటే తేడా లేదు. ఆరు బయట చెట్ల మీద రామచిలకలు సందె వేళకి గుంపులుగా ఒకే చెట్టుకి చేరతాయి, కాసేపు ఒకటే గోల, చోటు కోసం తోపులాట, చీకటి పడేసరికి టక్కున నిశ్శబ్దం. మన ఇంట్లో పిట్టకి ఆ టక్కుమనే సమయం రావట్లేదు, అదీ బాధ.

చోటు గురించి చెప్తాను, ఇది చాలామంది పట్టించుకోరు. మనం కోడికునుకు అంటాం కదా, పక్షుల నిద్ర నిజంగానే అలాంటిది, చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది, మధ్యమధ్యలో కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంటుంది. 1999లో అమెరికాలో నీల్స్ రాటెన్‌బోర్గ్ అనే ఆయన వాళ్ళ బృందంతో బాతుల్ని వరసగా పడుకోబెట్టి చూశారు. మధ్యలో ఉన్న బాతులు రెండు కళ్ళూ మూసుకుంటే, వరస చివర్లో ఉన్న బాతు బయటివైపు కన్ను తెరిచి పెట్టుకుంటోంది, మెదడు సగం నిద్రపోతూ సగం కాపలా కాస్తోంది. అది బాతుల మీద చేసిన పని, చిలకల మీద కాదు, కానీ అది చదివినప్పుడు నాకు గుండె కలుక్కుమంది, ఎందుకంటే అప్పట్లో మా బుజ్జమ్మ పంజరం హాల్లో టీవీ పక్కన స్టాండ్ మీద, నాలుగు వైపులా ఖాళీ. ఒంటరి పిట్ట, పక్కన ఇంకో పిట్ట లేదు. ఎటు కాపలా కాస్తుంది పాపం?

బీరువా సందులో ఉన్న తొమ్మిది రోజులు దానికి రెండు వైపులా అడ్డం ఉంది, వెనక గోడ ఉంది. అందుకే ఇప్పుడు మూలకి పెడతాను. రెండు వైపులా గోడ ఉండాలి, మనిషి భుజం ఎత్తులో ఉండాలి, నేల మీద వద్దు, ఎవరైనా నడిస్తే పాదాలు తల మీద నుంచి వెళ్తున్నట్టు ఉంటుంది దానికి. పడుకునే పుల్ల పంజరంలో అన్నిటికంటే పైన పెట్టండి, చిలక ఎప్పుడూ ఎత్తైన చోటే పడుకుంటుంది. ఆ పుల్ల వేప కొమ్మో జామ కొమ్మో అయితే మంచిది, మందం అక్కడక్కడ మారుతుంది కాబట్టి అరికాళ్ళు ఒరుసుకుపోవు. కిటికీ పక్కన పెడితే రోడ్డు మీద బండి హెడ్‌లైట్ గోడ మీద పాకుతుంది చూడండి, దానికి పిట్ట బెదిరిపోతుంది, కర్టెన్ మందంగా వేయండి లేదా చోటు మార్చండి.

హాలు తప్ప వేరే దారి లేదు అనేవాళ్ళకి నేను చేసే పని చెప్తాను. పగలు పెద్ద పంజరం హాల్లోనే ఉంటుంది. లోపలి గదిలో చిన్న పంజరం ఇంకోటి ఉంది, ఒక పుల్ల, ఒక నీళ్ళ గిన్నె, గుప్పెడు గింజలు, అంతే. రాత్రికి దాన్ని అందులోకి మారుస్తాను. మొదటి వారం గొడవ చేసింది, ఇప్పుడు టైమ్ అయితే అదే నా భుజం మీదకెక్కి ఆ గది వైపు చూస్తుంది.

వంటిల్లు మాత్రం వద్దండి. రాత్రి ప్రశాంతంగా ఉంటుందని వంటింట్లో పెట్టేవాళ్ళు ఉన్నారు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకి తెలియదు కూడా, పిట్ట నిమిషాల్లో చచ్చిపోతుంది. వాటి ఊపిరితిత్తులకి తోడు ఒళ్ళంతా గాలి సంచులు ఉంటాయి, గాల్లో ఏముంటే అది లోపలికి లాగేస్తాయి. దోమల చుట్టలు, అగరుబత్తీలు, సాంబ్రాణి, ప్లగ్గులో పెట్టే దోమల మందు, ఇవేవీ పిట్ట పడుకునే గదిలో వద్దు. దోమలు కుట్టినా ప్రమాదమే, పక్షులకి మశూచి లాంటి జబ్బు దోమల వల్ల కూడా అంటుకుంటుంది. పంజరానికి దోమతెర కట్టండి, చంటిపిల్లల ఉయ్యాలకి కట్టే తెర సరిగ్గా సరిపోతుంది, గోళ్ళకి తగలకుండా కాస్త ఎడంగా కట్టండి.

ఇప్పుడు సాయంత్రం ఏం చేస్తానో చెప్తాను, ఇది వినండి, మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు.

ఆరింటికి చివరి మేత. పడుకునేముందు పిట్టకి కడుపు నిండాలి, మెడ కింద మేత నిలవ ఉండే సంచి ఉంటుంది, అది నింపుకుని పడుకుంటే రాత్రంతా మెల్లగా అరుగుతుంది. కొర్రలు, ఉడికించిన క్యారెట్, కొంచెం మునగాకు. పండు ముక్కలూ నానబెట్టిన గింజలూ మిగిలితే తీసేస్తాను, రాత్రికి పులిసిపోతాయి, చీమలు పడతాయి. నీళ్ళు మాత్రం తీయను. స్నానం ఎప్పుడూ మధ్యాహ్నంలోపే, తడి ఈకలతో పడుకోకూడదు. పగలు కాస్త ఎగరనిస్తాను, కాగితంలో గింజలు చుట్టి వెతుక్కోమని ఇస్తాను, రోజంతా ఖాళీగా కూర్చున్న పిట్టకి రాత్రి నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

ఆరున్నరకి ట్యూబ్‌లైట్ తీసేసి మూలన చిన్న పసుపు బల్బు వేస్తాను. లైటు ఒక్కసారిగా ఆపకూడదండి, చిలకలకి చీకట్లో చూపు ఆనదు, పంజరం అడుగున ఉండగా లైటు ఆపేస్తే పైకి ఎక్కలేక తడుముకుంటాయి. బయట పొద్దు ఎలా మెల్లగా గూకుతుందో ఇంట్లోనూ అలాగే. ఈ అరగంటలో అది ఈకలు ఒక్కొక్కటీ ముక్కుతో దువ్వుకుంటుంది. ఆ తర్వాత ఒక కాలు ముడిచి పొట్ట ఈకల్లోకి లాక్కుంటుంది. అప్పుడు ఆ చప్పుడు మొదలవుతుంది, కరకర, కరకర, ఇసక రేణువుని పంటి కింద నూరుతున్నట్టు సన్నగా. పై ముక్కూ కింది ముక్కూ రుద్దుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఏదో జబ్బనుకున్నాను. కాదు, ఒళ్ళు తేలికపడి నిద్ర వస్తున్నప్పుడు చేసే చప్పుడు అది. తల మీద తురాయి కిందకి వాలుతుంది, కింది రెప్ప మెల్లగా పైకి లేచి కన్ను మూస్తుంది, మనకి పై రెప్ప దిగుతుంది కదా, దానికి కిందది పైకి వస్తుంది. అప్పుడు తల వెనక్కి తిప్పి వీపు ఈకల్లో ముక్కు దూర్చుకుంటుంది. ఆ చప్పుడు వినపడే దాకా నేను గదిలోంచి కదలను. రోజూ ఒకే మాట చెప్తాను, బజ్జో తల్లీ, పొద్దున్నే వస్తాను అని. ఏడు గంటలకి గుడ్డ వేస్తాను.

గుడ్డ అంటే పాత నూలు చీర, ముదురు రంగుది. మూడు వైపులా కప్పి ముందువైపు కింద జానెడు వదిలేస్తాను, గాలి ఆడాలి. రగ్గులు, దుప్పట్లు, ప్లాస్టిక్ కవర్లు వద్దు. టర్కీ టవల్ కూడా వద్దు, ఆ దారపు ముడుల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి. చీర అంచు చిరిగి దారాలు వేలాడుతుంటే కత్తిరించేయండి, వేలికి చుట్టుకుంటే వేలు పోతుంది. కొన్ని పిట్టలకి గుడ్డ అంటేనే భయం, అలాంటప్పుడు గది చీకటి చేస్తే సరిపోతుంది, గుడ్డ వేయడం అనేది రూలేం కాదు. ఇంకోటి, షాపుల్లో మెత్తటి చిన్న గుడారాలు అమ్ముతారు, పంజరంలో వేలాడదీసేవి, చూడ్డానికి ముద్దొస్తాయి. కొనకండి. ఆ గుహ లాంటి చోటు చూస్తే దానికి గూడు దొరికినట్టే, మళ్ళీ గుడ్ల వ్యవహారం. ఆ పీచు కొరికి మింగితే లోపల ఉండకట్టుకుంటుంది.

ఇక రాత్రి బెదరడం. కాకటీల్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి... చాలామందే ఉన్నారు. మీకందరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. 2016లో ఒక రాత్రి, టైమ్ రెండు దాటింది, పంజరంలో టపటపమని చప్పుడు, రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు. పరిగెత్తి లైటు వేసి గుడ్డ తీశాను. బుజ్జమ్మ పంజరం అడుగున, రెండు రెక్కలూ చాపి, నోరు తెరిచి రొప్పుతోంది. తెల్లటి ఊచల మీద రక్తం చుక్కలు. పైన ఊచల బయట బల్లి. అది కదిలిన చప్పుడుకి చీకట్లో బెదిరి ఎగిరి గోడలకి కొట్టుకుంది. రెక్కలో కొత్తగా మొలుస్తున్న ఈక విరిగింది. కొత్త ఈకలో రక్తం పారుతుంటుంది, విరిగితే కొళాయి విప్పినట్టే. నాకు చేతులు వణికాయి. మా అమ్మాయే వంటింట్లోంచి కార్న్‌ఫ్లోర్ తెచ్చింది, అది అద్ది శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఒత్తి పట్టుకుంటే ఆగింది. ఆగకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళాలి, ఆ చిన్న ఒంట్లో ఉండే రక్తమే కొంచెం.

ఆ రాత్రి ఇంకేం చేశానంటే, ఏమీ చేయలేదు. చిన్న లైటు పెట్టి, చెయ్యి పంజరంలోకి పెట్టకుండా, పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతూ ఉన్నాను. గంట పట్టింది అది పై పుల్ల ఎక్కడానికి. అది ఎక్కాకే నేను లేచాను. అలాంటప్పుడు పట్టుకోబోతే ఇంకా బెదిరిపోతాయి.

అప్పటి నుంచి బుజ్జమ్మకి కటిక చీకటి ఇవ్వను. గది అవతలి మూల జీరో బల్బు, అది కూడా గోడ వైపు తిప్పి, చేతి గీతలు కనపడనంత వెలుగు. ఇందాక చీకటి చీకటి అని చెప్పి ఇప్పుడు లైటు అంటోందేంటి అనుకోవచ్చు. కాకటీళ్ళకి ఈ బెదురు ఎక్కువ, పుల్ల ఎక్కడుందో కనపడేంత వెలుగు ఉంటే తిరిగి ఎక్కగలుగుతుంది. బెదురు లేని కనూర్‌కో గ్రేకో అది అక్కర్లేదు. మీ పిట్టని చూసుకుని మీరే తేల్చుకోవాలి. ఫ్యాన్ ఒకే స్పీడులో తిరుగుతుంటే కూడా మంచిది, ఆ హోరులో బయటి చిన్న చప్పుళ్ళు కలిసిపోతాయి, గాలి మాత్రం నేరుగా తగలకూడదు. దీపావళికీ వినాయకచవితి ఊరేగింపులకీ నేను పంజరం లోపలి గదిలో పెట్టి తలుపు వేసి ఫ్యాన్ పెంచి అక్కడే కూర్చుంటాను, మా ఇంట్లో అందరికీ తెలుసు ఆ రోజు నేను బయటికి రానని.

సరిగ్గా పడుకుందో లేదో ఎలా తెలుస్తుంది? రాత్రి పంజరం అడుగున పాత పేపర్ కొత్తగా పరవండి, పొద్దున్న అది చదవండి. రెట్టలన్నీ పడుకునే పుల్ల కిందే ఒక కుప్పగా ఉంటే రాత్రంతా ఒకే చోట కూర్చుంది, హాయిగా పడుకుంది. నాలుగు మూలలా చెదురుగా ఉండి, మధ్యలో ఈకలు పడి ఉంటే కలత నిద్ర, ఏదో జరిగింది, బల్లో ఎలుకో వెతకండి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, రోజూ పేపర్ మార్చేవాళ్ళకి దానంతటదే తెలుస్తుంది.

పగలు కాసేపు కునుకు తీయడం మామూలే, ఈకలు రాల్చే రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ. కానీ పగలంతా ఈకలు ఉబ్బించుకుని, రెండు కాళ్ళ మీదా నిలబడి, కళ్ళు మూసుకుని, తిండి దగ్గరికి రాకుండా ఉంటే, పంజరం అడుగున కూర్చుంటే, అది నిద్ర కాదు. చిలక జబ్బుని చివరి దాకా దాచుకుంటుంది, మనకి కనపడేసరికే ఆలస్యమైనట్టు. ఆ రోజే చూపించండి. నిద్ర పట్టట్లేదని మన మందులు, పిల్లల సిరప్‌లు చుక్క కూడా వేయకండి, దయచేసి.

ప్రశ్నలు ఉంటే అడగండి... చెప్పండమ్మా.

(మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్ళి ఎనిమిదింటికి వస్తాం, ఏడింటికే పడుకోబెడితే మాతో ఎప్పుడు ఉంటుంది అని ఒకావిడ అడిగారు.)

మంచి ప్రశ్నమ్మా. ఏడే అవ్వాలని లేదు. ఏడు నా ఇంటి టైమ్. మీరు ఎనిమిదింటికి వచ్చి గంట దానితో గడపండి, తొమ్మిదిన్నరకి పడుకోబెట్టండి, కానీ అప్పుడు పొద్దున్న ఎనిమిదింటి దాకా ఆ గదిలో వెలుగు రాకూడదు. కిటికీకి మందపాటి నల్ల కర్టెన్ వేయాలి, లేకపోతే ఐదున్నరకే లేచిపోతుంది. మీరు ఏ టైమ్ పెట్టుకున్నా రోజూ అదే ఉండాలి, ఆదివారం కూడా. అటూ ఇటూ అరగంట పర్వాలేదు. ఇంకో దారి, రాత్రి బదులు పొద్దున్న గంట ముందు లేచి దానితో ఉండండి, పొద్దున్న పిట్ట హుషారుగా ఉంటుంది, మీకూ బాగుంటుంది.

ఆ వెనకాల బాబు... నువ్వేరా నాన్నా, గట్టిగా అడుగు.

(మా బడ్జీ పడుకున్నప్పుడు ఒక కాలి మీద నుంచి పడిపోదా అని.)

పడిపోదమ్మా. రెండో కాలు నొప్పి పుట్టి ఎత్తలేదు అది, చలికి వెచ్చగా దాచుకుంది. ఒంటికాలి మీద పడుకుంటే మీ బడ్జీ ధైర్యంగా, హాయిగా ఉన్నట్టు. నువ్వు రాత్రి దాన్ని చూడాలనిపించి టార్చ్ వేయకు, సరేనా. పొద్దున్నే చూడు.

చెప్పండి బాబుగారూ.

(మాది ఒకే గది ఇల్లు, అందులోనే వంట, అందులోనే టీవీ, పిల్లల చదువు పది దాకా, ఇవన్నీ ఎలా కుదురుతాయి అని ఒకాయన అడిగారు.)

కుదురుతుందండి, నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ఒక పెద్ద అట్టపెట్టె తీసుకోండి, ఫ్రిజ్ వచ్చిన పెట్టె లాంటిది, ఒక వైపు కోసేయండి, పంజరం మూడు వైపులా పైనా అడ్డం వచ్చేట్టు పెట్టండి. తెరిచిన వైపు గోడకి తిప్పండి, గోడకీ పెట్టెకీ మధ్య బెత్తెడు సందు వదలండి గాలికి. పొయ్యికి దూరంగా ఉన్న మూల. పిల్లలకి చదువుకోవడానికి గది మొత్తం లైటు కాకుండా టేబుల్ లైటు పెట్టండి, టీవీ సౌండు తగ్గించండి, సౌండు ఒక మాదిరిగా ఉంటే అలవాటు పడతాయి, వెలుగే అసలు శత్రువు. ఇప్పుడు దేంతో కప్పుతున్నారు? దుప్పటా... ఈ రాత్రికి ఆ దుప్పటి తీసేసి నూలు చీర వేయండి, రేపు పొద్దున్న పేపర్ ఎలా ఉందో చూసి నాకు ఫోన్ చేయండి. రెండు వారాలు రోజూ చేయండి, మానకండి, వాటికి అలవాటవడానికి అంత టైమ్ పడుతుంది.